సప్పుడు డబ్బా

సాతంరాయి,
2012 ఆగస్టు 3.

మల్లేశ్,

నువ్వు అక్కడ బాగున్నావని నమ్మి మొదలుపెడుతున్నాను. మేము బాగున్నామని రాస్తే అత్త ఒప్పుకోదు, మోకాళ్ల నొప్పులని రాయమంటుంది. రాశాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. నెలకోసారి నువ్వు చేసే ఆ ఫోన్లో నీ మాటల కంటే నీ వెనక వరసలో నిలబడ్డ జవాన్ల గొణుగుడే ఎక్కువ వినబడుతుంది. ఇది అట్లా చెప్పే సంగతి కాదు.

మీ అన్న పోయి రెండేళ్లు దాటింది. పోయి అని రాశానే కానీ ఏ పోవడమో నాకు తెలియదు. ఆ రోజు నేను కందుకూరులో మా అమ్మగారింట్లో ఉన్నాను. అత్త దవాఖానకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి తలుపుకు తాళం, తాళంచెవి చూరులో. పోలీసులు వెతికారు, నువ్వు సెలవు పెట్టి వచ్చి వెతికావు. ఇంక వెతకడానికి ఏమీ లేదని అందరూ అనుకున్నారు. మొన్న మీ చిన్నాయన శివయ్య వచ్చి కూర్చున్నాడు. "ఈ పెత్రమాసకన్న వాని పేరు మీద బియ్యమియ్యుండ్రి. సచ్చినోడు ఆకలితోటి తిరిగితే ఇంటికి మంచిది గాదు" అన్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని తలూపింది. నేను ఊపలేదు.

పోయిన పెద్దల వరసలో ఆయన పేరు చేర్చి అయ్యగారి జోలెలో బియ్యం పోశామంటే ఇక అంతే. ఆ మర్నాటి నుంచి నేను ఎదురుచూడడం కూడా తప్పే అవుతుంది. చచ్చిపోయాడని తెలిస్తే నా చేతులతోనే చెరిగి ఇస్తాను. తెలియకుండా మాత్రం ఇవ్వను. పెత్రమాస అమావాస్య ఈసారి అక్టోబరు పదిహేనున వచ్చింది. అప్పటిలోగా నాకు తెలియాలి.

మిద్దె మీది సప్పుడు డబ్బా గుర్తుందా? విమానాల మోత ఏ ఊళ్లో ఎంతుందో కొలిచే కంపెనీలో మీ అన్న పనిచేసేవాడు కదా. చుట్టుపక్కల ఊళ్లలో మిద్దెల మీద మైకు డబ్బాలు బిగించి, అవి పట్టిన సప్పుడంతా చెవులకు తగిలించుకుని వినేవాడు. కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు. మన డబ్బాకు అత్త మిరపకాయల చాట ఆనించుకుంటుంది. మొన్న వాన వెలిశాక తుడుస్తుంటే దాని పక్కన చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతూ కనబడింది. అది ఇంకా పనిచేస్తోంది మల్లేశ్! అంటే ఆయన వెళ్లిన రోజు సప్పుడు కూడా ఎక్కడో ఉండి ఉంటుంది. పోయేటప్పుడు ఎవరైనా వచ్చారా, ఎవరితోనైనా మాట్లాడాడా, ఒక్కడే పోయాడా, అన్నీ ఉంటాయి.

డబ్బా అడుగున ఒక ఇంటర్నెట్ అడ్రసు అతికించి ఉంది. మీ అన్న కంప్యూటర్లో కొడితే ఊళ్ల పేర్లతో ఫోల్డర్లు వచ్చాయి. నొక్కితే కొంచెం దిగి ఆగిపోతోంది. నువ్వు మిలిటరీ సిగ్నల్స్‌లో ఉన్నావు, ఇదంతా నీకు తెలిసిన విద్య. ఎట్లా దింపాలో నాకు అర్థమయ్యేటట్టు రాయి.

నీ వదిన,
కవిత

*

2012 ఆగస్టు 14.
(చోటు పేరు రాయనివ్వరు. చలి అని మాత్రం రాయొచ్చు.)

వదినా,

దండాలు. అమ్మ మోకాళ్లకు ఉన్ని పట్టీలు పంపుతున్నాను. దాచిపెట్టకుండా కట్టుకోమను.

నీ ఉత్తరం చదివి చాలాసేపు పని చేయలేకపోయాను. అన్న బతికున్నాడని ఒట్టు వేయలేను, చచ్చిపోయాడనీ వేయలేను. నువ్వన్నదే సరి, తెలియకుండా ఇవ్వొద్దు.

ఇక పాఠం. అన్న వాడే నల్ల తెర తెరువు. మౌసుతో పని లేదు, దాన్ని పిల్లికి ఆడుకోవడానికి ఇచ్చెయ్. నేను రాసింది రాసినట్టు, ఖాళీ ఉన్న చోట ఖాళీ వదిలి కొట్టాలి:

wget -r -np -c

దీని తర్వాత ఒక ఖాళీ, ఆ తర్వాత డబ్బా మీది అడ్రసు, చివర మన ఊరి ఫోల్డర్. మొదటి మాటకు అర్థం, వెళ్లి పట్టుకురా అని. r అంటే లోపల ఎన్ని గదులుంటే అన్నీ తిరగమని. np అంటే పై అంతస్తుకు ఎక్కి అక్కడివి కూడా మోసుకు రావొద్దని. c మాత్రం మన ఊరి కరెంటు కోసమే పుట్టింది. మధ్యలో ఆగిపోతే మళ్లీ ఇదే కొట్టు, ఆగిన చోటి నుంచి అందుకుంటుంది.

దిగినవి ఎక్కడ పడ్డాయో తెలియకపోతే ఇది కొట్టు:

find . -name "2010-06*"

చుక్క అంటే ఇక్కడి నుంచి వెతుకు అని. అన్న ప్రతి ఫోల్డర్‌కూ ఫైలుకూ తేదీయే పేరుగా పెట్టేవాడు. 2010 జూన్ అని మొదలయ్యేవన్నీ ఎక్కడున్నాయో దారితో సహా చూపిస్తుంది. మనకు కావలసింది జూన్ పదకొండు.

ఒక్కటే అర్థం కావడం లేదు. కంపెనీయే లేనప్పుడు అవతల ఆ యంత్రాన్ని ఎవరు నడుపుతున్నారు? ఇట్లాంటివి పట్టించుకునే మనిషి లేకపోతే ఏడాది కూడా నిలవవు. ఎవరో మరిచిపోయి ఉంటారు, మన అదృష్టం.

అమ్మకు నా ఉత్తరం చదివి వినిపించు. పాఠం వదిలేసినా పర్వాలేదు.

మల్లేశ్

*

సాతంరాయి,
ఆగస్టు 25.

మల్లేశ్,

పాఠం వదిలేస్తే అత్త ఊరుకుంటుందా? ఉత్తరమంటే మిద్దె మీద గాలికి కూర్చుని, గొంతెత్తి, రెండుసార్లు చదవాలి ఆమెకు. మధ్యలో కొత్తూరు వైపు నుంచి విమానం వస్తే ఆగి, అది దాటిపోయాక ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి. నేను నీ ఇంగ్లిషు ముక్కలు ఒక్కొక్కటే చదువుతుంటే చేతిలో మిరపకాయ వదిలేసి, "ఇదేం మంత్రమే? మల్లిగాడు మిలిటరీల గిదా నేర్సుకున్నది?" అంది. ఉన్ని పట్టీలు మాత్రం పక్కింటి లింగమ్మకు చూపించి వచ్చింది.

మంత్రం పనిచేసింది. ముందు ఈ మధ్యవి దిగాయి. ఒక ఫైలు తెరిచాను. విమానం, కాకులు, చాట తట్టడం, కింద కుక్కర్ కూత, మళ్లీ విమానం. తర్వాత ఒక ఆడమనిషి గొంతు. "ఇయ్యాల పన్ల లేటైంది. కాళ్లు గుంజుతున్నయ్. నువ్వు తిన్నవా?" ఈమె ఎవరు, మన మిద్దె ఎందుకెక్కిందని నాకు కోపం వచ్చింది. అది నేనే.

నీకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. విమానాల్లోకి భోజనం ట్రేలు సర్దే పనిలో చేరాను కదా, సాయంత్రం వచ్చాక బట్టలు తీయడానికి మిద్దె ఎక్కినప్పుడు మీ అన్నతో మాట్లాడతాను. ఎవరూ వినరని నా ధైర్యం. ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఏం చెప్పినా "ఊ" అనే మనిషే. ఇప్పుడు ఆ ఊ కూడా లేదు, అంతే తేడా. కానీ "నువ్వు తిన్నవా" అని అడిగి నేను ఆగుతాను చూడు, ఆ ఆగిన చోటు మళ్లీ మళ్లీ విన్నాను. అది ఉత్త ఖాళీలా లేదు. అవతల ఎవరో చెవి పెట్టి ఉన్నట్టుంది.

జూన్ 2010 వరసలో ఉండడం నా కళ్లతో చూశాను. అది దిగే లోపల కరెంటు పోయింది. మర్నాడు c పెట్టి మళ్లీ కొట్టాను. మే నెల ఉంది, జూలై ఉంది. జూన్ లేదు. నువ్వు చెప్పినట్టు find కూడా కొట్టాను, ఒక్క అక్షరం చూపించలేదు. ముందురోజు ఉన్నది మర్నాటికి ఎట్లా పోతుంది?

తొందరగా రాయి.

కవిత

*

సెప్టెంబరు 4.

వదినా,

నీ మిద్దె మీది మాటలకు సిగ్గుపడకు. ఇక్కడ మా హవల్దారు ఇంట్లో ఉన్న గేదెతో మాట్లాడతాడు, ఫోటో పెట్టుకుని. ఎవరి బాధ వాళ్లది.

జూన్ సంగతి. అలిసిపోయి వచ్చి, కరెంటు పోతుందన్న ఆదరాబాదరాలో జూలైనే జూన్ అనుకుని ఉంటావు. యంత్రాలు వాటంతటవి దాచుకోవు. ఉన్నది ఉంటుంది, లేనిది లేదు. చెవులకు అవి తగిలించుకుని ఒక్కదానివే కూర్చుంటే ఎవరికైనా ఏదేదో అనిపిస్తుంది, అన్న కూడా అట్లాగే పాడయ్యాడు. రోజుకు ఒక గంట మించి వినకు.

అయినా ఇంకో దారి ఉంది. ఇట్లాంటి యంత్రాల్లో పాతవాటికి రెండో నకలు పెడతారు. ఊళ్ల పేర్ల పక్కనే old అని ఒక ఫోల్డర్ ఉంటుంది చూడు. ఉంటే ఆదివారం నీ సెలవు రోజున తీరిగ్గా కూర్చుని అది మొత్తం దింపు. అందులో జూన్ ఉండి తీరుతుంది.

మల్లేశ్

*

సాతంరాయి,
సెప్టెంబరు 16, ఆదివారం.

మల్లేశ్‌కు,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. రాగానే కంప్యూటర్ తెరిచి చూశాను. old ఉంది. జూలైని జూన్ అనుకునేదాన్ని కదా, అందుకని పక్కింటి లింగమ్మ కోడలిని పిలిచి చూపించాను. ఆమె కూడా ఉందనే చెప్పింది. అత్తకు ఉత్తరం చదివి వినిపించి, నువ్వు చెప్పావని ఆదివారం దాకా ఓపిక పట్టాను. ఈ రోజు పొద్దున కూర్చున్నాను. లేదు. శుక్రవారానికే పోయిందో, నిన్న పోయిందో తెలియదు.

నాకు చదువు తక్కువే కానీ మతి తక్కువ కాదు. జూన్ కోసం వెతుకుతున్నట్టు నీకు తెలుసు, జూన్ పోయింది. old లో వెతకమని నువ్వే రాశావు, అదీ పోయింది. ఈ పని ఇద్దరికే తెలుసు. నేను తీయలేదు. యంత్రాలు వాటంతటవి దాచుకోవని నువ్వే అన్నావు.

మీ అన్న ఎక్కడున్నాడో నీకు తెలుసా? తెలిసే నాతో ఆడుకుంటున్నావా? ఉన్ని పట్టీలు పంపిన చేత్తోనే ఇది కూడా చేస్తున్నావా? అత్త నిన్నటి నుంచి కొత్త బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరుతూ ఏడుస్తోంది. కొడుకు బతికుంటే ఆ తల్లి చేత ఈ పని చేయిస్తున్నది నువ్వు.

దీనికి జవాబు రాస్తే నిజం రాయి. లేకపోతే రాయకు.

కవిత

*

సెప్టెంబరు 24.

వదినా, ఈ ఉత్తరం పైకి చదవకు.

మిద్దె మీద ఉంటే ఇక్కడే ఆపి, మడిచి, కిందికి దిగు. వంటింట్లో కూర్చుని మనసులో చదువుకో. అమ్మ అడిగితే మల్లిగాడు తిండి బాగుందని రాశాడని చెప్పు.

నీ మాటలకు బాధ కలిగింది. నా తల్లి చేత నేను బియ్యంలో రాళ్లు ఏరిస్తానా? రెండు రోజులు జవాబు రాయకూడదనే అనుకున్నాను. తర్వాత కోపం పక్కన పెట్టి నీ ఉత్తరాలు మూడూ వరసగా పెట్టుకుని చదివాను. నువ్వు చెప్పింది నిజం, నా ఉత్తరంలో ఏది రాస్తే అది మాయమవుతోంది. అయితే నా ఉత్తరంలో ఏముందో నీకూ నాకూ కాక ఇంకెవరికి తెలుస్తోంది? అప్పుడు తట్టింది, అమ్మకు మిద్దె మీద రెండుసార్లు గొంతెత్తి చదువుతావని. డబ్బా పక్కనే కూర్చుని.

ఆ డబ్బా పొద్దుగూకగానే ఆ రోజు పట్టిన సప్పుడంతా అవతలికి పంపేస్తుంది. అన్నే నాకు చెప్పాడు. నువ్వు జూన్ అని చదివావు, మర్నాటికి జూన్ లేదు. old అని చదివావు, అది కూడా లేదు. వదినా, మన మిద్దె మీది మాటలు ఎవరో రోజూ వింటున్నారు. తెలుగు తెలిసినవాళ్లు. అది కూడా అమ్మ మాట్లాడే తెలుగు. ఆ యంత్రం తాళం చేతిలో ఉన్నవాళ్లు. పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఇప్పుడు చెప్పేది ఎవరితోనూ అనకు. ఈసారి ఒక్క ఊరు కాదు, చివరి ఫోల్డర్ పేరు తీసేసి అడ్రసు మొత్తానికి అదే కమాండ్ కొట్టు, ఎన్ని రోజులు పట్టినా సరే. అంతా దిగాక ఇది:

find . -newermt 2010-06-10 ! -newermt 2010-06-13

ఇది పేరు చూడదు, తేదీ చూస్తుంది. ఫైలు పేరు మార్చవచ్చు, ఇంకో చోటికి జరపవచ్చు, కానీ అది చివరిసారి ఏ రోజు రాయబడిందో ఆ తేదీ దానితోనే ఉండిపోతుంది. జరిపినవాడు దాన్ని మార్చడం మరిచిపోయి ఉంటే దొరుకుతుంది.

అన్నీ దిగాక ఒక పని చెయ్. మిద్దె ఎక్కి అమ్మతో గట్టిగా అను: "మల్లేశ్ కొత్తూరు ఫోల్డర్ల ఉన్నదని రాసిండు, రేపు అది దింపుత." కొత్తూరులో ఏమీ లేదు, నేను ఊరికే కల్పించాను. మర్నాడు చూడు. కొత్తూరు అక్కడే ఉంటే నాకు పిచ్చి, నన్ను తిట్టుకో.

మల్లేశ్

*

సాతంరాయి,
అక్టోబరు 4.

మల్లేశ్,

ముందు నన్ను క్షమించు. నిన్ను అనరాని మాటలన్నాను.

కొత్తూరు లేదు. సాయంత్రం అన్నాను, పొద్దున్నే లేదు. ఇంట్లో కూర్చున్నదాన్ని తలుపు గడియ వేసి వచ్చి మళ్లీ చూశాను. పట్టపగలే, బయట పిల్లలు ఆడుకుంటూనే ఉన్నారు.

నీ find ఒక దారి చూపించింది. అది మన ఊరి ఫోల్డర్‌లోది కాదు. కందుకూరు అని ఉంది. వరసలో అన్నిటికంటే కింద ఉంటే నేను ఎప్పుడూ అంతవరకు చూడలేదు. కందుకూరులో విమానం సప్పుడే వినబడదు, అక్కడ డబ్బా ఎందుకు పెడతారు? నా పుట్టిన ఊరి పేరు అది. ఆ పేరు పెట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు.

అందులో ఉన్నది జూన్ పదకొండు ఒక్కటే కాదు. చిన్న చిన్న ఫైళ్లు, లెక్కలేనన్ని. ఒకటి తెరిచాను, "నువ్వు తిన్నవా?" ఇంకోటి తెరిచాను, నా దగ్గు, తర్వాత నా నవ్వు. అత్త తాతలనాటి కథ చెప్పడం. నేను ఏడ్చిన రోజు. విమానాలు, కాకులు, కుక్కర్, అన్నీ కత్తిరించేసి మా ఇద్దరి గొంతులు మాత్రమే ఏరి దాచుకున్నాడు, అత్త బియ్యంలో రాళ్లు ఏరినట్టు. చివరిది పోయిన వారందే. అందులో నేను అత్తను పసుపు దంచమని పిలుస్తున్నాను.

తర్వాత జూన్ పదకొండు తెరిచాను. చాలాసేపు ఏమీ లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు. సంచి కింద పెట్టిన చప్పుడు. మైకు మీద వేలితో తట్టి, మీ అన్న మాట్లాడాడు. ఆ మాటలు రాస్తున్నాను, ఒక్కటి కూడా మార్చలేదు.

"కవితా, నాకు ఇంట్ల కూసుంటే మాట రాదు. మీ మొఖాలు సూసుకుంట ఏం మాట్లాడాల్నో సమజ్ గాదు. దూరంకెళ్లి ఇంటే మంచిగనిపిస్తది. నేను యాడున్నా సరే, మీరు గిట్లనే మాట్లాడుకుంట ఉండుండ్రి. నేను ఇంటుంట."

అంతే. సంచి ఎత్తుకున్నాడు, మెట్లు దిగాడు.

పోయేరోజు మాకు తెలియాలనే చెప్పి పెట్టాడు. తర్వాత భయపడి ఉంటాడు, వింటున్నానని తెలిస్తే మేము మాట్లాడడం మానేస్తామని. రెండేళ్లు, మల్లేశ్! నేను జ్వరంతో ఉన్నప్పుడు విన్నాడు. పోలీసులు కాలువలో శవం చూడడానికి రమ్మన్నారని అత్త గుండెలు బాదుకున్నప్పుడు విన్నాడు. కత్తిరించి దాచుకున్నాడు.

అత్తకు చెప్పకుండా ఉండాలనుకున్నాను, నా వల్ల కాలేదు. వినిపించాను. మళ్లీ వినిపించమంది. "ఇది ఎప్పటిది?" అని అడిగింది. నేను అంతా చెప్పాక లేచి, మోకాళ్లు పట్టుకుని మిద్దె ఎక్కింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం డబ్బా ముందు కూర్చుంటోంది. "శంకరా, ఇయ్యాల పుంటికూర పచ్చడి నూరిన. దర్వాజ గడియ ఎయ్యలేదు. ఎవ్వలేమనరు, రా బిడ్డా" అంటుంది. ఆగుతుంది. మళ్లీ అంటుంది. ఆ ఆగడం నేను చూడలేకపోతున్నాను.

పెత్రమాస దగ్గరపడింది. బియ్యం ఏరడం అత్త ఆపలేదు, ఎందుకని అడిగితే చెప్పదు. నేను మాత్రం మనసులో ఒకటి అనుకున్నాను.

వదిన

*

అక్టోబరు 11.

వదినా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది, నిలబడే రాస్తున్నాను. నువ్వు ఏం అనుకున్నావో నాకు అర్థమైంది. వద్దు. బియ్యం ఇవ్వొద్దు. బతికున్న మనిషి పేరు మీద ఇస్తే ఆయుష్షు తెగుతుందని నాయనమ్మ చెప్పేది. కమాండ్లు నేర్పినవాడు ఇట్లాంటివి నమ్ముతాడా అని నవ్వుకో, కానీ వద్దు. వాడు నా అన్న.

సెలవుకు రాశాను, ఈ నెలాఖరుకు వస్తాను. ఆ యంత్రాన్ని నడిపేవాడి ఆచూకీ పట్టే దారులున్నాయి. రెండేళ్లు ఆగినదానివి, ఇంకొన్ని రోజులు ఆగు. అమ్మను కూడా ఆపు.

మల్లేశ్

*

సాతంరాయి,
అక్టోబరు 19.

మల్లేశ్,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. బియ్యం సోమవారం ఇచ్చేశాం.

నేను ఒక్కదాన్నే నిశ్చయించానని అనుకోవద్దు. ఆదివారం దాకా అత్త పిలుస్తూనే ఉంది. ఆ రోజు సాయంత్రం ఏమీ పిలవలేదు. డబ్బా ముందు కూర్చుని, "నేను సచ్చినా గిట్లనే ఇనుకుంట కూసుంటవారా?" అని అడిగింది. అడిగి ఆగింది. కిందికి వచ్చి చాటలో బియ్యం కొలిచింది. "బతికినోడు తల్లి పిలిస్తే వస్తడు. సచ్చినోడే రాడు. రేపు అయ్యగారిని మిద్దె మీదికే రమ్మను" అంది. నేను అనుకున్నదీ అదే, కానీ ఆమె నోటి నుంచి వింటానని అనుకోలేదు.

పైన ఎందుకమ్మా అని అయ్యగారు విసుక్కున్నాడు, కింద తడిగా ఉందని చెప్పాను. మామ పేరు, తాత పేరు అయ్యాక, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. అత్త నా వైపు చూసింది. ఇన్నేళ్లలో నేను ఆయన పేరు పైకి పలికింది లేదు, నీకు తెలుసు. "శివశంకర్" అన్నాను, డబ్బాకు వినబడేటట్టు. అయ్యగారు మళ్లీ చెప్పమ్మా అన్నాడు, ఇంకా గట్టిగా అన్నాను. అత్తా నేనూ చెరోవైపు చాట పట్టుకుని పోశాం. ఆ బియ్యం పడే సప్పుడు ఎంత పెద్దగా ఉందో.

ఆయుష్షు తెగుతుందని రాశావు. నీ ఉత్తరం ముందే వచ్చినా నేను ఆగేదాన్నో కాదో తెలియదు. నీ అన్న మీద నీకున్న ప్రేమను నేను తప్పు పట్టను. నాకు మాత్రం రెండేళ్లుగా నా బతుకే తెగిపోయి ఒకరి ఫోల్డర్‌లో ముక్కలుగా పడి ఉందనిపించింది. కోపంగా ఉంది మల్లేశ్. ఆయన చచ్చిపోయాడని వింటే కూడా ఇంత కోపం వచ్చేది కాదు.

డబ్బా తీసేద్దామన్నాను. అత్త వద్దంది. ఉండనీ, మనం అక్కడ మాట్లాడొద్దు, అంతే అంది. ఇప్పుడు మిద్దె ఎక్కితే ఇద్దరం సైగలే.

అసలు రాయాల్సింది ఇంకా రాయలేదు. సోమవారమే, దీపం పెట్టే వేళ దాటాక, ఇంట్లో ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. అవతల మాట లేదు. ఊపిరి ఉంది. ఎవరని అడిగాను, లేదు. పెట్టేయబోతుంటే ఫోన్లో ఒక విమానం వినబడింది. దగ్గరగా, ఇంటి పైకప్పును ఒరుసుకుంటూ పోయినట్టు. అది ఫోన్లో సన్నబడి పోయింది. కాసేపటికి అదే విమానం మన ఇంటి మీద వచ్చింది. ఏళ్ల తరబడి ఈ మోతలో బతుకుతున్నాను, నేను పొరబడను. ఆయన ఎక్కడో దూరదేశంలో లేడు. ఈ విమానాల దారి కిందనే, కొత్తూరు వైపు ఏదో ఊళ్లో, మనం నడిచి వెళ్లగలిగిన చోట ఉన్నాడు.

"ఎవలు గావాలె? శివశంకరా? ఆయన లేడు. పొద్దుగాల్నే బియ్యమిచ్చినం" అన్నాను. పెట్టేశాను.

అత్త వంటింటి గడపలో నిలబడి ఉంది. ఎవరని అడగలేదు. నా మొహం చూసి అన్నీ తెలుసుకుంది. వచ్చి ఫోన్ పక్కన నేల మీద కూర్చుని, "మల్ల మోగితే నాకియ్యి బిడ్డా" అంది.

ఇంకా మోగలేదు. అన్నం కూడా అక్కడికే తెచ్చి పెడుతున్నాను. నువ్వు తొందరగా రా, కానీ వచ్చే ముందు ఇంటికి ఫోన్ మాత్రం చేయకు.

కవిత